ఆంగ్లమున వాదవ్యాసము: మన పిల్లలు నేర్వవలసిన విద్య

(మన సంఘపు విద్యార్థి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను కాను, అంగడి నడుపుకొనువాడను. ఐనను ఆంగ్లమున తమ అభిప్రాయమును కారణములతో నిరూపించి వ్రాయు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిన అవసరము కలిగినది. ఈ విద్య లేకపోవుటచేత మన బిడ్డలకును, మన భాషకును నష్టము వాటిల్లుచున్నది.

2001 ఫిబ్రవరి 28న మన బంగారు గనులు మూతపడిన నాటినుండి మన యువజనులలో అనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి జీవనము సాగించుచున్నారు. వారికి ఆంగ్లము రాదని ఎవరును అనజాలరు. కాని ‘ఈ విషయమున నీ అభిప్రాయమేమి? కారణములు చూపి ఒక పుట వ్రాయుము’ అనినచో కలము కదలదు. గైడు పుస్తకములోని వ్యాసమును కంఠస్థము చేసినవానికి ఆ వ్యాసమొక్కటే వచ్చును. ప్రశ్న కొంచెము మారినచో వాడు నిరాయుధుడు.

అభిప్రాయము వేరు, వాదము వేరు. ‘మాకు తెలుగు ఉపాధ్యాయుడు కావలెను’ అనునది అభిప్రాయము. ‘ఈ బడిలో తెలుగు మాతృభాషగాగల పిల్లలు ఇంతమంది కలరు, ఇంతమంది ఉన్నచో ఉపాధ్యాయుని ఇయ్యవలెనని నియమము కలదు, కనుక ఇయ్యవలెను’ అనునది వాదము. మొదటిదానిని విన్న అధికారి జాలిపడవచ్చును, పడకపోవచ్చును. రెండవదానికి ఆయన సమాధానము చెప్పవలసియుండును.

ఆ నియమము నా కల్పన కాదు. ఒక బడిలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని వేరొక మాతృభాష గలవారున్నచో ఆ భాషలో ప్రాథమిక బోధనకు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో జరిగిన 7వ సవరణము రాజ్యాంగమున 350-ఎ, 350-బి అధికరణములను చేర్చెను. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పించుటకు రాష్ట్రములు యత్నింపవలెనని మొదటిది చెప్పును. రెండవది భాషాల్పసంఖ్యాకుల రక్షణకై ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచెను. ఇన్ని ఆధారములుండగా, ‘దయయుంచి మమ్ము కాపాడవలెను’ అని మాత్రము వ్రాసిన అర్జీ ఏమి సాధించును? మన అంగళ్లలో చీటీ లేని పద్దును ఎవరైనను ఒప్పుకొందురా?

వాదముతో కూడిన అర్జీ ఎంత పని చేయగలదో చూపుటకు మన తెలుగు వర్తకుడే ఒకడు కలడు. 1806లో జన్మించి 1868లో గతించిన గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు చెన్నపట్టణమున వ్యాపారము చేసి ధనమార్జించిరి. ఆ ధనముతో 1844లో ‘క్రెసెంట్’ అను ఆంగ్లపత్రికను స్థాపించి, హార్లీ అను ఆంగ్లేయుని దానికి సంపాదకునిగా నియమించిరి. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును నెలకొల్పి, ప్రజల కష్టములను వివరించు అర్జీని బ్రిటిష్ పార్లమెంటునకు పంపిరి. పన్నుల వసూలులో రైతులను హింసించుచున్నారను ఆరోపణ లండను దాక పోయెను. డాన్బీ సీమూర్ అను పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వచ్చి స్వయముగా విచారించెను. 1854లో ప్రభుత్వము విచారణసంఘమును నియమింపవలసివచ్చెను. ఆ హింస నిజమేనని 1855లో ఆ సంఘము నివేదించెను. దీనివలన మనము తెలిసికొనదగినదేమనగా: ఆంగ్లము వ్రాయు మనిషి జీతమునకు దొరకును; సంగతులు సేకరించు ఓపికయు, నిలబడి చెప్పు ధైర్యమును జీతమునకు దొరకవు.

మన సీమలోనే మరియొక నిదర్శనము కలదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు జన్మించిన ముద్దేనహళ్లి, 2007లో చిక్కబళ్లాపురము వేరు జిల్లా అగువరకు, మన కోలారు జిల్లాలోనిదే. వారి పూర్వులు ఆంధ్రదేశములోని మోక్షగుండము నుండి వచ్చినవారు. ఆయన 1934లో ‘ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా’ అను గ్రంథమును ప్రకటించిరి. దేశము పరిశ్రమల వైపు మరలి పదేండ్లలో జాతీయాదాయమును రెట్టింపు చేసికొనవలెనని అందు వాదించిరి. దేశమునందు ప్రణాళికాసంఘము ఏర్పడినది 1950లో. ఇంజనీరు వంతెనకు లెక్క కట్టినట్లు ఆయన వాదమునకును లెక్క కట్టిరి.

ఇక వ్రాయు విధానము. ఇది పరదేశపు విద్య యని భయపడనక్కరలేదు. మన న్యాయశాస్త్రము వాదమునకు ఐదు అవయవములు చెప్పినది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. మన ఊరి సైనైడు దిబ్బలనే తీసికొనుడు. ‘ఈ దిబ్బలను పచ్చదనముతో కప్పవలెను’ — ఇది ప్రతిజ్ఞ. ‘గాలి వీచినప్పుడు వీని పొడి ఇండ్లమీద పడుచున్నది కనుక’ — హేతువు. ‘పచ్చిక కప్పిన మట్టినుండి దుమ్ము లేవదు, చెరువుగట్టును చూడుడు’ — ఉదాహరణము. ‘ఈ దిబ్బలును వదులు మట్టివంటివే’ — ఉపనయము. ‘కనుక కప్పవలెను’ — నిగమనము. ఏ దిబ్బ, ఏ వీధి, ఏ నెలలు అని చూచి వ్రాసినచో వ్యాసమునకు బలము చేకూరును.

అంతటితో చాలదు, పూర్వపక్షమును వినవలెను. ‘ఆ దిబ్బలలో ఇంకను బంగారము కలదు. దానిని తీయక చెట్లు నాటుదురా?’ అని ఒకడు అడుగును. ఆ మాటలో న్యాయము కలదు. అప్పుడు మన విద్యార్థి కోపింపక, ‘తీయు పని మొదలుపెట్టని దిబ్బలనైనను అంతవరకు కప్పుడు’ అని తన ప్రతిజ్ఞను సవరించుకొనవలెను. ఎదుటివాని మాటలో నిజమున్నంత వరకు ఒప్పుకొనువాని మాటకే తూకము హెచ్చు.

భాషను గూర్చి ఒక్క హెచ్చరిక. తెలుగులో ఆలోచింపుడు, కాని తెలుగు వాక్యమును మాటకు మాట ఆంగ్లములోనికి దింపకుడు. మనము కారణములన్నియు చెప్పి అసలు మాటను చివర చెప్పుదుము. ఆంగ్లవ్యాసమున అసలు మాట తొలి పేరాలోనే రావలెను. పెద్ద పెద్ద పదములు వెదకవలదు. చిన్న వాక్యము వ్రాసి, తరువాతి వాక్యము దానికి కారణమా, నిదర్శనమా, ఆక్షేపణకు సమాధానమా అని ప్రశ్నించుకొనుడు. మూడింటిలో ఏదియు కానిచో కొట్టివేయుడు.

‘తెలుగు సంఘములో ఆంగ్లమును పొగడుట తగునా?’ అని పెద్దలు అడుగవచ్చును. ఆ ఆవేదన సహజమే. ఇంట తెలుగు తగ్గుచున్న కాలమిది. మనకు తెలుగులో వ్రాసికొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. రాష్ట్రప్రభుత్వముతో వ్యవహారమునకు కన్నడము కావలెను; తరతరములుగా మన ఇండ్లలో అది పరాయిది కాదు. కాని 348వ అధికరణము చొప్పున సుప్రీముకోర్టు వ్యవహారము ఆంగ్లముననే జరుగుచున్నది. హైకోర్టులలోను ప్రధానముగా అదియే. అక్కడ మన తెలుగు పక్షమున ఎవరు మాటాడవలెను? తెలుగు చదివి, ఆంగ్లమున వాదింపగల మన బిడ్డయే. తెలుగు రాని బిడ్డ మన పక్షమును ఎరుగడు. వాదింపలేని బిడ్డ దానిని నిలుపలేడు.

కనుక నా సూచన ఇది. ప్రతి ఆదివారము సంఘములో ఒక గంట ఇందుకై కేటాయింతము. ప్రతి విద్యార్థియు మన ఊరి సమస్య నొకదానిని గూర్చి ఒక పుట ఆంగ్లమున వ్రాసి తేవలెను. మరియొకరు దానికి పూర్వపక్షము చెప్పవలెను. చర్చ తెలుగులో జరుగవలెను. మొదటి విషయముగా మీ మీ బడులలో తెలుగు మాతృభాషగాగల పిల్లల సంఖ్యను తరగతివారీగా సేకరించి తెండు. ఆ లెక్క చేతికి వచ్చిన నాడు మన సంఘము వ్రాయబోవు అర్జీకి తొలి వాక్యము సిద్ధమైనట్లే.