తోడు లేని ప్రయాణం

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇడ్లీ పిండిని డబ్బా నిండా పోసి, మూత బిగించి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఏమవుతుందో ఇక్కడున్నవారికి చెప్పక్కర్లేదు. పొద్దున్నే వంటగట్టు తుడిచేది మనమే కదా! దక్షిణ కొరియా శాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు వచ్చింది. 2008లో ఆ దేశపు తొలి వ్యోమగామి యి సో-యన్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. మనకు ఊరగాయ ఎలాగో వాళ్లకు కిమ్చి అలాగ. క్యాబేజీకి ఉప్పూ కారం పట్టించి పులియబెడతారు. అందులోని బ్యాక్టీరియా గ్యాస్ పుట్టిస్తుంది. ప్యాకెట్ పగిలితే ఆ రసం బొట్లుబొట్లుగా గాల్లో తేలుతూ పరికరాల్లోకి దూరుతుంది. అందుకని రేడియేషన్‌తో సూక్ష్మజీవులను చంపి మరీ పంపారు. కిమ్చి వెళ్లింది, అందులోని ప్రాణం ఇక్కడే ఆగిపోయింది.

వ్యోమగాముల తిండిలో చాలా భాగం ఇంతే. వేడిచేసో, నీరు తీసేసో, రేడియేషన్ పెట్టో ప్యాక్ చేస్తారు. పైన కడుపు పాడైతే ఆస్పత్రి లేదు, కనుక ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. కానీ పీచును అరిగించడానికీ, రోగనిరోధక శక్తికీ సాయపడేది మన పేగుల్లోని బ్యాక్టీరియాయే. నెలల తరబడి పైన ఉంటే దాని సంగతేమిటి?

అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ 340 రోజులు పైన ఉన్నారు. ఆయన కవల సోదరుడు మార్క్ నేలమీదే ఉన్నారు. ఇద్దరి మల నమూనాలూ పరీక్షించారు (భోజనాల ముందు ఈ మాట వచ్చింది, ఏమీ అనుకోకండి). స్కాట్ పేగుల్లో బ్యాక్టీరియా వర్గాల నిష్పత్తి పైన మారింది, దిగాక చాలావరకు సర్దుకుంది. 2019లో ఈ ఫలితాలు ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. తిండి వల్లా, బరువు లేకపోవడం వల్లా అన్నది ఒక్క మనిషిని చూసి తేల్చలేం. అంగారకుడి దాకా వెళ్లి రావాలంటే మాత్రం దాదాపు మూడేళ్లు.

జపాన్ అంతరిక్ష సంస్థ, యాకుల్ట్ కంపెనీ కలిసి మేలు చేసే బ్యాక్టీరియాను పొడిచేసి, గుళికల్లో పెట్టి పంపాయి. నెల తర్వాత తెచ్చి చూస్తే బతికే ఉంది. తోడు కోసం దాచిన పెరుగు చెక్కుచెదరలేదన్నమాట. 2020లో సోయా ముద్దను నెలరోజులు అంతరిక్ష కేంద్రంలో ఉంచితే చక్కగా పులిసి మిసో అయింది. నేలమీద చేసినదానికంటే కాస్త వేయించిన పప్పుల రుచి ఎక్కువట.

గగన్‌యాన్ భోజనం మైసూరులోని రక్షణ పరిశోధన ప్రయోగశాల చూస్తోంది. అది మూడు రోజుల ప్రయాణం, పెరుగు లేకపోయినా నష్టం లేదు. 2035 నాటికి మన సొంత అంతరిక్ష కేంద్రం అంటున్నారు. అక్కడ నెలలు గడపబోయేవాళ్లు ఇప్పుడు ఏ హైస్కూల్లోనో ఉండి ఉంటారు. బహుశా ఈ హాల్లోనే, వెనక వరసలో.