రెండు గదుల్లో ఐదు తరగతులు: స్మారకోపన్యాసం

పెద్దసారు స్మారకోపన్యాసానికి ట్రస్టువారు నన్ను పిలవడం గౌరవంగానే భావిస్తున్నాను. పిలిచినవారికి నా సంగతి తెలియదని మాత్రం అనుకోను. పెద్దసారు గురించి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. నాకు బాగా గుర్తున్నది ఒక్కటే. మా పెళ్లిలో చదివింపులు రాస్తున్న కుర్రాడి దగ్గర నోటుబుక్కు లాక్కుని, ఎర్రపెన్నుతో ఊళ్ల పేర్లన్నీ దిద్దారు. ఆయన చదివించింది ఎంతో మరిచాను గానీ, ఇబ్రహీంపట్నంలో ‘హీ’కి దీర్ఘం పెట్టించడం మరవలేదు.

కరపత్రంలో ‘విద్యారంగంలో సమకాలీన సమస్యలు, బోధనపై వాటి ప్రభావం’ అని వేశారు. ఇంగ్లీషు మీడియం, కార్పొరేట్ బళ్లు, ముఖం చూపిస్తే పడే హాజరు, టీచర్ల అర్హత పరీక్ష టెట్ మీద 2025 సెప్టెంబరు 1న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు... ఇవన్నీ మీరు రోజూ స్టాఫ్‌రూములో నలగ్గొడుతున్నవే. నా గొడవ వేరు, పాతది కూడా.

ఒకే టీచరు ఒకే గదిలో రెండు మూడు తరగతులు చెప్పుకోవాల్సి రావడాన్ని మనం తాత్కాలిక ఇబ్బంది అనుకుంటాం. డీఎస్సీ వేసి ఖాళీలు నింపితే తీరుతుందంటాం. తీరదు. విద్యాహక్కు చట్టం, 2009, షెడ్యూలు తీసి చూడండి. అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 వరకు ముగ్గురు. 120 దాకా నలుగురు. ఐదో టీచరు రావాలంటే బడిలో 121 మంది ఉండాలి. ఒక్క ఖాళీ లేకుండా నింపినా అరవై మంది ఉన్న బడికి ఇద్దరే అని చట్టమే రాసుకుంది. దానికి తగ్గ పుస్తకం, టైంటేబుల్, శిక్షణ మాత్రం మన దగ్గర లేవు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి, మిగతా మూడింటికి నాలుగేసి, వెరసి పద్దెనిమిది సబ్జెక్టులని సంఘాలవాళ్లు ప్రతి ధర్నాలోనూ చెబుతారు. టీచర్ల శిక్షణ సంస్థ డైట్‌లో మనం రాయించేది మాత్రం ఒక తరగతికి, ఒక పీరియడుకు, ఒక పాఠానికి పథకం.

ఇద్దరిలో ఒకరు స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకో, ఓటర్ల జాబితా పనికో పోయిన రోజు ఆ గదిలో కూర్చుని చూడండి. టీచరమ్మ నల్లబల్లను సుద్దగీతలతో మూడు భాగాలు చేస్తుంది. ఎడమవైపు గుణింతాలు, నడుమ హెచ్చవేతలు, కుడివైపు భిన్నాలు. తన లెక్క ముందే అయిపోయిన నాలుగో తరగతి పిల్ల పక్కకు జరిగి, 3 అంకెను తిరగేసి రాస్తున్న ఒకటో తరగతి వాడి చెయ్యి పట్టుకుని దిద్దిస్తుంది. తనిఖీకి వచ్చినాయన దీన్ని గోల కింద రాసుకుంటాడు. నేను బోధన అంటాను.

చిన్న బళ్లను కలిపేస్తే సరిపోతుందని హేతుబద్ధీకరణ వాదులు అంటారు. కలిపాక 121 మంది తేలితే కదా! తేలినా, ఒక తరగతిలో అందరిదీ ఒకే స్థాయి అవుతుందా? ఈ కొంగరకలాన్‌నే చూడండి. 2022 ఆగస్టులో కలెక్టరేట్ తెరిచారు, 2023 మేలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి పునాది వేశారు. కట్టుబడి పనులకు వచ్చే కుటుంబాలు జూన్‌లో బడి తెరిచేదాకా ఆగవు, పని దొరికినప్పుడు వస్తాయి. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమంటుంది చట్టం నాలుగో సెక్షన్. పదేళ్లవాడిని ఐదో తరగతిలో కూర్చోబెడతాం. వాడి చదువు రెండో తరగతి దగ్గరే ఆగి ఉంటుంది.

దీనికి దారి మదనపల్లె దగ్గరే ఉంది. రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల చిన్న బళ్ల కోసం పాఠాలను కార్డులుగా విడదీసి నిచ్చెన వరసలో పేర్చారు. పిల్ల తన మెట్టు మీంచే మొదలుపెడుతుంది. నాలుగు రోజులు బడి మానినా ఆగినచోటి నుంచే ఎక్కుతుంది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు దాన్ని ‘నలి-కలి’గా మలుచుకున్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు, ఆ తర్వాత తమిళనాడు మొత్తం అందుకున్నాయి. మనం బస్సులేసుకుని వెళ్లి చూసి వచ్చాం.

‘తమిళనాడులో కార్డులు చిరిగిపోయాయి, టీచర్లు కార్డులు పంచే గుమాస్తాలయ్యారు’ అని నా మీదికి వచ్చేవారున్నారు. కొన్నిచోట్ల అలాగే జరిగింది. హెచ్.డి. కోటెలో టీచర్లు తామే కూర్చుని రాసుకున్నది ఇంకోచోట ఉత్తర్వుగా దిగితే అంతే అవుతుంది. అదే తమిళనాడు 2022లో ‘ఎణ్ణుం ఎళుత్తుం’ పేరుతో మళ్లీ పిల్లల స్థాయిల దగ్గరికే వచ్చిందని వారు చెప్పరు. మన దగ్గర అదే ఏడాది వచ్చిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా స్థాయిని కొలిచింది, మంచిదే. కొలిచాక చేతికిచ్చినవి మళ్లీ తరగతివారీ పుస్తకాలే.

కొంతకాలంగా ఈ మండలంలో కొందరు టీచర్లతో కలిసి లెక్కలకు ఒక నిచ్చెన కడుతున్నాను. అప్పు తెచ్చుకునే తీసివేత దగ్గర ఇరుక్కున్నాం. స్థానవిలువ కుదిరాకే అది రావాలని నా పట్టు. కిరాణా కొట్టులో చిల్లర లెక్క తెలిసిన పిల్లకు ముందే పెట్టొచ్చని ఒక టీచరమ్మ వాదన. ఇంకా తేలలేదు. అట్టల మీద అతికించిన కార్డులు వానాకాలంలో ఉబ్బిపోతున్నాయి, లామినేషన్ చేయించాలి. ట్రస్టువారు ఈ ఉపన్యాసాన్ని ఎలాగూ పుస్తకంగా వేస్తామన్నారు. కాపీలు సగానికి తగ్గించి ఆ డబ్బు కార్డులకు ఇప్పించండి. శాలువా వద్దని ముందే ఫోన్ చేసింది కూడా ఇందుకే.