విమానం గంటలు వేరు, ప్రయాణం గంటలు వేరు
(వాకాడులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మండలంలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్ళు 1639లో మద్రాసు స్థలం సంపాదించడానికి ముందే స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి ఇక్కడికి చేరడానికి ఆరేడు నెలలు పట్టేది. తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి గనుక నాకు ఈ లెక్కలంటే సరదా. ఆ సరదా ఒకసారి నన్ను మోసం చేసింది. అదే మీకు చెప్పదలచుకున్నాను.

మా అబ్బాయి ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోలో. బెంగుళూరు నుంచి ఆ ఊరికి నేరు దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. గ్లోబు మీద రెండు ఊళ్ళకూ దారం బిగించి చూడండి, అది ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. 2021 జనవరిలో మహిళా పైలట్లు ఆ దారినే విమానం నడిపారు. 9వ తేదీ రాత్రి అక్కడ బయలుదేరి, 17 గంటలు ఎగిరి, 11 తెల్లవారుజామున బెంగుళూరులో దిగారు. నడుమ 10వ తేదీ ఏమైందంటారా? శీతాకాలంలో అక్కడి గడియారం మనకంటే పదమూడున్నర గంటలు వెనక. ఇటు వచ్చేటప్పుడు అది మన లెక్కలో కలుస్తుంది.

2018 జనవరిలో నా భార్య ఒక మంగళవారం రాత్రి 10 గంటలకు పోయింది. అబ్బాయికి ఫోను చేశాను. రెండు విమానాలు, 16, 4, మొత్తం 20 గంటలు. "రేపు రాత్రికి వాడొస్తాడు, ఆగుదాం" అని అందరికీ చెప్పాను. గూడూరు నుంచి ఐసుపెట్టె తెప్పించాము.

బుధవారం మధ్యాహ్నం వాడి ఫోను: "ఇప్పుడే విమానం ఎక్కుతున్నాను నాన్నా."

టిక్కెట్టు దొరకడానికి 9 గంటలు, ఎయిర్‌పోర్టుకు పోయి కాచుకోవడానికి 5, నడుమ మారేచోట 4, మద్రాసులో బయటపడడానికి ఒకటి, అక్కడినుంచి నాయుడుపేట మీదుగా కారులో 3. ఇవేవీ నా లెక్కలో లేవు. 20 కాదు, 42. అంటే గురువారం సాయంత్రం 4.

మా బావమరిది నెమ్మదిగా, "బావా, ఇంక ఉంచడం మంచిది కాదు" అన్నాడు. పొద్దు గుంకకముందే నేనే తలకొరివి పెట్టాను. మరునాడు వాడు వచ్చి పంచలో నిలబడి, "ఇంకొక్క పూట ఆగలేకపోయారా నాన్నా?" అన్నాడు. ముందే 42 అని తెలిసుంటే ఆగేవాళ్ళమేమో. ఐసుపెట్టె ఉండనే ఉంది.

2023 డిసెంబరులో నేనే బెంగుళూరులో నేరు విమానం ఎక్కాను. మధ్యాహ్నం ఎక్కితే అదే రోజు సాయంత్రం దిగాను! కాళ్ళు మాత్రం 16 గంటల లెక్క చూపించాయి, వాచిపోయి. ఆ నెల్లాళ్ళలో ఒక రాత్రి ఇద్దరం కూర్చుని, నా సంగతి వస్తే 48 గంటలు ఆగాలనీ, అప్పటికీ రాలేకపోతే మా తమ్ముడి కొడుకు కానివ్వాలనీ కాగితం మీద రాసుకున్నాము. వాడు సంతకం పెట్టనన్నాడు, తెల్లారి పెట్టాడు. ఆ కాగితం మా బీరువాలో, పెన్షను పుస్తకంలో ఉంది.

ఆదివారం పొద్దున ఏడున్నరకు వాడు ఫోను చేస్తాడు. వాడికది శనివారం సాయంత్రం.