జంట మాటల గుట్టు



ఇంగ్లీషు మనకు కొత్తేం కాదు. బస్సు, టికెట్టు, రేషను - బడి మొహం చూడని మన అమ్మలూ వాడే మాటలే. చిక్కంతా జంట మాటలతోనే. "చెవిలో పువ్వు పెట్టాడు" అంటే పువ్వు కోసం చెవి తడుముకుంటామా? మోసమని తెలుసుకుంటాం. ఇంగ్లీషూ అంతే. మన అర్జీకి జవాబులో "లుక్ ఇంటు" అంటే లోపలికి చూడటం కాదు, విచారిస్తామని. "టర్న్‌డ్ డౌన్" అంటే కిందికి తిప్పడం కాదు, తోసిపుచ్చారని. ఈ తేడా తెలియకపోతే ఇంటి స్థలం చేజారినా ఎదురుచూస్తూనే ఉంటాం.

అది దొరల భాష, మనకెందుకు అనకండి. 1936లో బాబాసాహెబ్ 'కులనిర్మూలన' రాసింది ఇంగ్లీషులోనే. రోజుకో జంట మాట పిల్లలతో కలిసి నేర్చుకోండి. విడగొట్టకుండా మొత్తంగా వాడండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. అర్థం కాని కాగితం మీద మాత్రం వేలిముద్ర వేయకండి!