ధ్రువకాంతుల దేశం నుంచి కొల్లేటికి

చలికాలం రాగానే ఆకాశంలో ధ్రువకాంతులు చూడాలని నార్వే దాకా వెళ్లేవాళ్లున్నారు. మనకెక్కడ కుదురుతుంది! కానీ ఆ కాంతులు కనిపించే ఉత్తర సైబీరియాలో పొదిగే సూదితోక బాతులు కొల్లేటికే వస్తాయి. మగదాని తల చాక్లెట్ రంగు, మెడ పక్కన తెల్లని చార.

వాటిని చూడాలంటే తాడేపల్లిగూడెం వాళ్లయినా ఏలూరు మీదుగా కైకలూరు దారి పట్టండి. పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. అక్కడి ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టే గూడబాతులనూ సైబీరియావే అంటుంటారు. కాదండీ, అవి మన దేశపువే.

డిసెంబరు, జనవరిల్లో వెళ్లండి. ఎండెక్కకముందే వెళ్లండి. దారిలో మంచు కమ్ముకుంటుంది, బండి నెమ్మదిగా నడపండి. బైనాక్యులర్స్ ఉంటే మంచిది. చెరువు గట్టు మీద హారన్ మాత్రం కొట్టకండి.