కేష్‌కాల్ ఘాట్‌లో ఆగిన అంబాసిడర్

ఐటీఐ పట్టాలు అందుకుంటున్న మోటారు మెకానిక్కులకు అభినందనలు.

మన దేశంలో ఐటీఐ విద్యార్థులకు తొలిసారి స్నాతకోత్సవం జరిగింది 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు. చేతిపనికి దక్కాల్సిన గౌరవం చాలా ఆలస్యంగా దక్కింది.

మీలో బస్తర్‌లోని కోంటా, సుక్మా వైపు నుంచి వచ్చి చదివినవాళ్లున్నారు. అందుకే బస్తర్ బండి సంగతే చెబుతాను. భద్రాచలం నుంచి కోంటా, సుక్మా, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీకు తెలుసు. కాంకేర్ దాటి జగదల్‌పూర్ వైపు వస్తుంటే కేష్‌కాల్ ఘాట్ తగులుతుంది. మలుపు మీద మలుపు, అంతా ఎక్కుడే. జగదల్‌పూర్‌లో నేను పని నేర్చుకున్న షెడ్డుకు వచ్చే ఒక టాక్సీ అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజను బండి, ఎండాకాలం వచ్చిందంటే సరిగ్గా ఆ ఘాట్‌లోనే ఆగిపోయేది. డ్రైవరు బానెట్ ఎత్తి, పెట్రోలు తోడే ఏసీ పంపు మీద తడిగుడ్డ వేసేవాడు. అరగంట ఆగి సెల్ఫ్ కొడితే స్టార్టయ్యేది. ఇంకేం, వేడికి పెట్రోలు ఆవిరై దారిలో అడ్డుపడే ఎయిర్ లాక్ అని అందరూ తేల్చేశారు. పంపు మార్చారు, కార్బొరేటర్ విప్పి జెట్లు ఊదారు, ట్యాంకు దించి కడిగారు. షెడ్డులో ఎంతసేపు నడిపినా ఇంజను గడియారంలా తిరిగేది. ఘాట్ ఎక్కితే మళ్లీ అదే కథ.

మా మేస్త్రి ఒకరోజు ఆ బండిలోనే కూర్చుని ఘాట్‌కు వెళ్లాడు. నన్నూ వెంటబెట్టుకున్నాడు. బండి ఆగగానే డ్రైవరు గుడ్డ తడపబోతే వద్దన్నాడు. కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి, పంపుకున్న చేతి లివర్ కొట్టాడు. పెట్రోలు చివ్వున చిమ్మింది, అంటే ఎయిర్ లాక్ లేదు. ఇంజను మీద పడకుండా డబ్బాలో పట్టి, పైపు బిగించి, చిందింది తుడిచి, వాసన పోయేదాకా ఆగాడు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కాయిల్ తీగను ఇంజను బ్లాకుకు కాస్త ఎడంగా పెట్టి, స్క్రూడ్రైవరుతో ప్లాటినం పాయింట్లను ఎడం చేశాడు. తీగ చివర సన్నగా, పచ్చగా నిప్పురవ్వ. పాయింట్ల మధ్య మాత్రం గట్టి మెరుపు. ఆయన ముఖంలో అప్పుడు కనిపించిన వెలుగు నేను మరిచిపోలేను. జేబులోంచి మంచి కండెన్సర్ తీసి తీగతో పాయింట్లకు కలిపాడు. ఈసారి నీలం రంగులో, చిటుక్కున శబ్దం చేస్తూ స్పార్క్ వచ్చింది. పాతది పీకి దాన్నే బిగించాడు. పంపు ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంది. బండి మాత్రం మొదటి సెల్ఫ్‌కే అందుకుని ఘాట్ ఎక్కేసింది.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు 6000 సార్లు విడిపోవాలి. విడిపోయే క్షణంలో కరెంటు పాయింట్ల మీదుగా దూకకుండా కండెన్సర్ తనలోకి తీసుకోవాలి. అప్పుడే కాయిల్లో కరెంటు టక్కున తెగి, ప్లగ్గు దగ్గర బలమైన స్పార్క్ పుడుతుంది. ఆ బండి కండెన్సర్ లోపల పాడై, వేడెక్కితే పనిచేయడం మానేస్తోంది. చల్లారితే మళ్లీ బాగుంటోంది. డ్రైవరు ఆగిన అరగంటలో పంపుతో పాటు కండెన్సరూ చల్లారేది. పేరు మాత్రం తడిగుడ్డకు వచ్చింది. అసలు జబ్బును అంతకాలం దాచిపెట్టింది ఆ గుడ్డే. కొండెక్కే పాత బండికి ఎయిర్ లాక్ నిజంగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు, మీ చేతిలో స్కానర్ ఉంటుంది. అయినా ఈ పాత కథ మీకు ఎందుకు చెప్పానంటే, స్కానర్ పీ0171 అనే కోడ్ చూపిస్తే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని మాత్రమే అర్థం. పంపు బలహీనపడిందా, ఇన్‌టేక్ దగ్గర గాలి లీకవుతోందా, గాలిని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టిందా అన్నది అది చెప్పదు. కోడ్ చూసి పార్టు మార్చేస్తే, నాలుగు రోజులు నడిచి మళ్లీ వస్తే, మీరు వేసిందీ తడిగుడ్డే.

బస్తర్‌లో పార్టు కావాలంటే లోపలి ఊళ్లవాళ్లు జగదల్‌పూర్ దాకా రావాలి. సంతకు సరుకు తోలుకునేవాడికి, పురిటి మనిషిని ఎక్కించుకున్నవాడికి దారిలో బండి ఆగితే వెనక ఇంకో బండి వస్తుందన్న నమ్మకం ఉండదు. అంత దూరం నుంచి మిమ్మల్ని నమ్మి వచ్చినవాడి చేత అక్కర్లేని పార్టు కొనిపించడం అన్యాయం.

మీకు నాదొక్కటే విన్నపం. జబ్బు బయటపడిన చోటికే వెళ్లి, అది కనిపిస్తున్నప్పుడే పరీక్షించండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. తీసేసిన పార్టును యజమాని చేతికిచ్చి, ఎందుకు తీశారో అతని భాషలో, అది గోండీ అయినా హల్బీ అయినా తెలుగైనా, అర్థమయ్యేలా చెప్పండి.