ఎలుగుబంటి అడవికి చందా ఇద్దాం, ఆ అడవి మీద మాట ఎవరిదో కూడా అడుగుదాం



ఇవ్వాళ నన్ను మాట్లాడమన్న విషయం కొంచెం దూరపుది. ఉత్తర అమెరికాలో గ్రిజ్లీ అనే ఎలుగుబంటి ఉంది. దాని అడవి తరిగిపోతోందని, మిగిలింది కాపాడాలని అక్కడ చాలా సంస్థలు చందాలు వసూలు చేస్తున్నాయి. పిల్లల్ని వెంటేసుకొని ఏరు దాటుతున్న తల్లి ఎలుగు ఫొటో పెడతారు, కింద విరాళం ఇవ్వమంటారు. మన తెలుగువాళ్లు అమెరికాలో, కెనడాలో చాలామంది ఉన్నారు కాబట్టి ఆ ఫొటోలు మన ఫోన్లకూ వస్తున్నాయి. ఇవ్వొచ్చా అని అడుగుతున్నారు.

ఇవ్వండనే నేను చెప్తాను. కాకపోతే ఇచ్చే ముందు ఒక్కటి అడగండి. ఈ డబ్బు వెళ్లాక ఆ నేల మీద చివరి మాట ఎవరిది? దీని మీదే నాలుగు ముక్కలు చెప్తాను.

ముందు ఎలుగు సంగతి. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో ఒకప్పుడు 50,000 గ్రిజ్లీలు ఉండేవని అంచనా. ఇప్పుడు ఉన్నవి 2,000 చిల్లర. కాల్చి చంపారు, విషం పెట్టారు, ఉన్న చోటంతా పొలాలు, పట్నాలు చేశారు. 1975 నుంచి అది చట్టం రక్షణ కింద ఉంది. ఎందుకు తొందరగా కోలుకోదంటే, దాని బతుకే నిదానం. ఆడ ఎలుగు ఐదారేళ్లు వస్తే గానీ మొదటిసారి పిల్లల్ని పెట్టదు. పెట్టాక రెండు మూడేళ్లు పిల్లలు తల్లి వెంటే తిరుగుతాయి. పెరిగిన ఆడపిల్ల దూరం పోదు, తల్లి తిరిగిన చుట్టుపక్కలే ఉంటుంది. అందుకని రెండు కొండల మధ్య లోయలో ఒక పెద్ద రోడ్డు, దాని వెంట ఊరు వచ్చాయనుకోండి, ఇటు ఎలుగులు ఇటే, అటువి అటే. కొన్ని తరాలకు రెండు గుంపులూ చిక్కిపోతాయి. అడవి మొత్తం నరకనక్కర్లేదు, మధ్యలో ఒక్క లోయ పోతే చాలు. అక్కడ ఒక్కో లోయ కోసం అంత పోరాటం జరిగేది అందుకే.

అలాంటి లోయ ఒకటి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఉంది. పర్సెల్ పర్వతాల్లో, పేరు జంబో. అది క్టునాహా అనే ఆదివాసీ జాతి నేల. వాళ్లు ఆ చోటుని కాట్ముక్ అంటారు. గ్రిజ్లీ ఎలుగు ఆత్మ ఉండేది అక్కడేనని వాళ్ల నమ్మకం. 1991లో అక్కడ మంచు కొండ మీద ఏడాది పొడవునా స్కీయింగ్ ఆడుకునే రిసార్టు కడతామని ఒక ప్రతిపాదన వచ్చింది. 6,000 పడకలకు పైగా, అంటే కొండ మీద ఒక పట్నమే. క్టునాహాలు వద్దన్నారు. అడవి మీద పనిచేసే శాస్త్రవేత్తలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా వద్దన్నారు. 2010లో క్టునాహాలు కాట్ముక్ మాకు పవిత్రమైనది, ఇక్కడ శాశ్వత కట్టడాలు కుదరవని ప్రకటన చేశారు. అయినా 2012లో రాష్ట్ర ప్రభుత్వం రిసార్టుకు అనుమతి ఇచ్చేసింది. అంతటితో ఆగలేదు. ఒక్క మనిషి కూడా కాపురం లేని ఆ లోయను మున్సిపాలిటీగా ప్రకటించి, దానికి మేయర్‌ని, కౌన్సిల్‌ని కూడా వేసింది. ఓటరు లేడు, ఇల్లు లేదు, మేయర్ మాత్రం ఉన్నాడు! మన దగ్గర కాగితం మీద గ్రామసభలు జరిగిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

క్టునాహాలు కోర్టుకు వెళ్లారు. ఆ కట్టడాలు వస్తే ఎలుగు ఆత్మ ఆ చోటు వదిలిపోతుంది, అప్పుడు మా ప్రార్థనలకు, మా పాటలకు అర్థమే ఉండదు, కాబట్టి ఇది మా మత స్వేచ్ఛను తీసేయడమే అన్నారు. 2017 నవంబర్‌లో కెనడా సుప్రీంకోర్టు వాళ్ల అప్పీలు కొట్టేసింది. మెజారిటీ తీర్పు సారం ఏమిటంటే, నమ్మే హక్కు, ఆచరించే హక్కు మీకుంది గానీ, మీరు నమ్మే ఆ చోటుని కాపాడాల్సిన బాధ్యత రాజ్యాంగానిది కాదు. అంటే దేవుణ్ణి నమ్ముకో, దేవుడి కొండ మాత్రం అడక్కు అన్నట్టు.

ఇక్కడ మన నియంగిరి గుర్తు రావాలి. 2013లో మన సుప్రీంకోర్టు నియమ్‌రాజా కొండ మీద డోంగ్రియా కోందుల మత హక్కును కూడా గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు కూర్చున్నాయి, 12 కూడా గని వద్దన్నాయి. మనకు గ్రామసభ అనే పిడికిలి ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. క్టునాహాలకు ఆ కేసులో అలాంటి పట్టు దొరకలేదు.

మరి ఆ లోయ పోయిందా? పోలేదు. గడువులోగా కంపెనీ పని తగినంత మొదలుపెట్టలేదని 2015లో పర్యావరణ అనుమతి రద్దయింది. దాని మీద మళ్లీ కోర్టులు తిరిగి, 2019లో అప్పీలు కోర్టు ఆ రద్దునే నిలబెట్టింది. కానీ లోయలో కంపెనీకి ఉన్న హక్కులు అలాగే ఉన్నాయి. ఇవాళ కాకపోతే రేపు ఇంకో అనుమతితో రావచ్చు. అక్కడ పనికొచ్చింది చందా డబ్బు. 2020 జనవరిలో క్టునాహాలు ఒక ప్రకటన చేశారు. కెనడా ప్రభుత్వం నాలుగేళ్లలో 1.61 కోట్ల డాలర్లు, కొన్ని ప్రైవేటు ఫౌండేషన్లు కలిసి 50 లక్షల డాలర్లు ఇస్తున్నాయి. కంపెనీ తన హక్కులన్నీ వదులుకుంటోంది. ఆ చోటు ఇకమీదట క్టునాహాల ఆధ్వర్యంలో ఆదివాసీ రక్షిత ప్రాంతం అవుతుంది. ముప్పై ఏళ్ల గొడవ అలా తీరింది.

ఒక సంగతి గమనించండి. ఆ డబ్బు క్టునాహాలను అక్కడి నుంచి కదపడానికి ఖర్చు కాలేదు, కంపెనీని కదపడానికి ఖర్చయింది. నేను అడగమన్న ప్రశ్న ఇందుకే.

రెండో ఉదాహరణ అదే రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున. గ్రేట్ బేర్ రెయిన్‌ఫారెస్ట్ అంటారు, 64 లక్షల హెక్టార్ల ప్రాంతం. అక్కడ ట్రోఫీ వేట నడిచేది. ట్రోఫీ వేట అంటే తిండికి కాదు, తలా తోలూ గోడకు తగిలించుకోవడానికి డబ్బు కట్టి చంపడం. బయటి దేశం నుంచి వచ్చే వేటగాడు అక్కడ లైసెన్సు ఉన్న గైడును పెట్టుకొని తీరాలి. ఒక్కో ప్రాంతంలో ఆ గైడు హక్కు ఒక్కరికే. రెయిన్‌కోస్ట్ అనే సంస్థ ఇందులో ఒక దారి చూసింది. చందాలు పోగుచేసి 2005లో ఆ గైడు హక్కునే కొనేసింది. 24,000 చదరపు కిలోమీటర్ల మీద హక్కు, 13.5 లక్షల డాలర్లు. కొని వేట నడపడం మానేసింది. అక్కడి ఆదివాసీ జాతులతో కలిసే ఈ పని చేసింది.

అయితే చందాకి హద్దుంది, అది కూడా చెప్పాలి. గైడు హక్కు కొంటే బయటివాళ్ల వేట ఆగింది గానీ, ఆ రాష్ట్రంలోనే ఉండే వేటగాళ్లు లైసెన్సుతో వచ్చి కాల్చడం ఆగలేదు. దాన్ని డబ్బుతో ఆపలేరు. 2012లో తీర ప్రాంత ఆదివాసీ జాతులు మా నేల మీద ట్రోఫీ వేట నిషేధం అని తమ చట్టం ప్రకారం తామే ప్రకటించాయి. ప్రభుత్వం ఒప్పుకోలేదు. వాళ్లు ఊరుకోలేదు, తమ కాపలాదారుల్ని పెట్టుకున్నారు, ఎలుగుల్ని చూపించే టూరిజం తామే నడిపారు. వేట కంటే ఎలుగుల్ని చూడటానికి వచ్చేవాళ్ల వల్లే పది రెట్లకు పైగా ఆదాయం వస్తోందని 2014లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. చివరికి 2017 డిసెంబర్‌లో ప్రభుత్వమే రాష్ట్రమంతా గ్రిజ్లీ వేట ఆపింది, ఆదివాసీల సంప్రదాయ హక్కును మాత్రం మినహాయించి. చందా కొంత కాలం అడ్డు నిలిచింది. గెలిపించింది మాత్రం నేల మీద నిలబడ్డ మనుషులే.

అదే అడవి కోసం 2007లో 12 కోట్ల డాలర్ల నిధి పెట్టారు. 6 కోట్లు దాతలవి, మిగతాది రెండు ప్రభుత్వాలది చెరి సగం. సగం నిధి అడవి సంరక్షణకు, సగం ఆదివాసీ జాతుల జీవనోపాధికి. అడవిని నరకొద్దు అని చెప్పి చేతులు దులుపుకోలేదు, నరక్కుండా బతకడానికి దారి కూడా పెట్టారు. మన దగ్గర పులుల పేరు చెప్పి గూడేలను ఖాళీ చేయించమనేవాళ్లు ఈ ఒక్క లెక్క చదివితే చాలు.

ఎందుకంటే ఇంకో రకం సంరక్షణ కూడా ఆ ఖండంలోనే పుట్టింది. 1872లో యెల్లోస్టోన్ నేషనల్ పార్కు పెట్టారు, ప్రపంచంలోనే మొదటిదని గొప్పగా చెప్తారు. ఇవ్వాళ గ్రిజ్లీలకు అది పెద్ద ఆశ్రయమే, కాదనను. కానీ అక్కడ కొండగొర్రెల్ని వేటాడుకొని బతికిన టుకుడికా షోషోన్ జనాన్ని పది సంవత్సరాలు తిరక్కుండానే బయటికి పంపేశారు. తర్వాత లోకానికి చూపించింది మనిషి లేని అడవి ఫొటో. మనిషి లేడని కాదు, లేకుండా చేశారు. ఆ ఫొటోనే దేశదేశాలకు నమూనా అయింది. మనదాకా వచ్చింది.

కాబట్టి, చందా అడిగేవాళ్లను నిలబెట్టి అడుగుదాం. ఒకటి, ఆ నేల ఏ జాతిది, వాళ్లు ఈ పనికి సరేనన్నారా? రెండు, డబ్బు ఎవరి హక్కుని కొనడానికి పోతోంది, కంపెనీదా, అక్కడ బతికేవాళ్లదా? మూడు, కొన్నాక కాగితం ఎవరి పేరున ఉంటుంది, కాపలా ఉద్యోగాలు ఎవరికి? నాలుగు, ఎలుగు పశువును కొడితే, మనిషి మీద పడితే, ఆ నష్టం ఎవరు భరిస్తారు? జవాబు తిన్నగా వస్తే ఇవ్వండి, వంద రూపాయలైనా సరే, పది డాలర్లైనా సరే. రాకపోతే ఫొటో ఎంత బాగున్నా ఆగండి.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. దూరాన ఉన్న ఎలుగు గురించి మనకెందుకు అని కొందరు అంటారు. కాట్ముక్ మీద కోర్టు చెప్పిన మాట రేపు మన కొండ మీద ఎవరైనా వకీలు చదివి వినిపిస్తాడు. అప్పుడు మన చేతిలో ఆ తర్వాత జరిగిన కథ కూడా ఉండాలి. కోర్టులో ఓడినా క్టునాహాలు లోయను వదల్లేదు, దానికి తోడు నిలిచినవాళ్లు దొరికారు, కంపెనీ వెళ్లిపోయింది. ఎలుగులు ఇప్పటికీ ఆ లోయలో తిరుగుతున్నాయి.